ఎడమ అంచుకు అవతల

మూడో కాలనీ, శాంత లియోకాదియా షుగర్ ఫ్యాక్టరీ,
తుకుమాన్. ఫిబ్రవరి 8, 1987

నా బంగారుతల్లి జుల్మాకు,

నిన్నే పిలుస్తున్నారమ్మా, నిన్నే! మన ఫ్యాక్టరీ వాళ్ళే! మేనేజరు గారు స్వయంగా మన గుమ్మం ముందు జీపు ఆపి, దిగి, టోపీ తీసి, "దోన్ ఎలుతేరియో, ఈ ఏడు మా కరెంటు బ్రేకర్ల లెక్కలన్నీ కొత్తగా వేయించమని కోర్దోబా కంపెనీకి ఇచ్చాం. అక్కడ ఆ పని చూసేది మీ అమ్మాయేనట" అన్నాడు. నలభై ఏళ్ళు ఆయన గానుగ రోలర్లకి గ్రీజు పూశాను, ఒక్కనాడూ నా పేరు ముందు గౌరవంగా దోన్ తగిలించలేదు ఆ మనిషి. మీ అమ్మ ఎంపనాదాలకి పిండి కలుపుతోంది, ఆ పిండి చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. పాపం, చొక్కా అంతా పిండితోనే వెళ్ళాడు.

బేకరీలో చెప్పాను, చర్చి దగ్గర చెప్పాను, బస్సు డ్రైవరుకి బస్సు ఆపించి మరీ చెప్పాను. మీ అన్సెల్మో బావ ఏమన్నాడో తెలుసా? "చిన్నప్పుడు నా సైకిలు తీసుకెళ్ళి గోడకి గుద్దిన పిల్ల కదా మావయ్యా, ఇప్పుడు నా ప్యానల్ రూము దాని చేతిలో పెడతారా?" అన్నాడు. "ఒరే, ఇంజనీరు గారి గురించి మాట్లాడేటప్పుడు లేచి నిలబడి మాట్లాడు" అన్నాను. వెధవ నిజంగానే లేచి నిలబడ్డాడు. మీ ఉర్సులా అత్త నవ్వలేక చచ్చింది. "నా కొడుకు నా మాటకి ఎప్పుడైనా లేచాడా అన్నయ్యా" అంటుంది.

సంతోషంలో ఇంకో మాట కూడా రాసేస్తున్నా, ఏమీ అనుకోకు. నీకు తెలిసిందే. ఏటా చెరకు ఆడే మొదటి రోజున ఫాదర్ గారు గానుగని దీవించి, పనిలో పోయినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు. మీ అన్న ఆ ప్యానల్ రూములో కరెంటుకి పోయాక మూడు సీజన్లు నేనూ మీ అమ్మా ముందు వరసలో నిలబడ్డాం. నికనోర్ పేరు చదవలేదు. రిపోర్టులో "సొంత అజాగ్రత్త" అని ఉందట, అలా పోయినవాళ్ళని చదవరట. మన నికనోర్ అజాగ్రత్త మనిషా అమ్మా? కోడిగుడ్డు పట్టుకోవాలన్నా చేతులు తుడుచుకునేవాడు. ఆ కాగితాలు ఇప్పుడు నీ దగ్గరికి వస్తాయి కదా. ఒక్కసారి చూడు. అంతే, చూడమనే అంటున్నా.

మీ అమ్మ ఇప్పటికీ బల్ల మీద వాడి కంచం, చెంచా పెడుతోంది.

నీ గొప్ప చూసి ఉబ్బిపోతున్న
నాన్న

*

కోర్దోబా, ఫిబ్రవరి 27

నాన్నా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పి, అందరి ముందూ నవ్వలేక మెట్ల దగ్గరికి వెళ్ళి చదువుకున్నాను. బావకి చెప్పు: సైకిలు తొక్కింది నేనే, కానీ వెనక కూర్చుని నా కళ్ళు మూసింది ఎవరో తననే గుర్తు తెచ్చుకోమను.

పాత కాగితాలు వచ్చాయి. నీకు తెలిసేలా చెబుతాను, అమ్మకి చదివి వినిపించు. ఒక గళ్ళ కాగితం ఉంటుంది. అడ్డంగా కరెంటు, నిలువుగా కాలం. కుడికి వెళ్ళేకొద్దీ కరెంటు ఎక్కువ, పైకి వెళ్ళేకొద్దీ ఆలస్యం ఎక్కువ. ఒక్కో పెద్ద గడి దాటితే పదింతలు. ప్రతి బ్రేకరుకీ ఆ కాగితం మీద ఒక గీత. "ఇంత కరెంటు దారి తప్పితే ఇంతసేపట్లో నేను తెంచేస్తాను" అని ఆ బ్రేకరు ఇచ్చే మాట అనుకో ఆ గీత. గీతలు ఒకదాన్నొకటి తాకకుండా ఉండాలి. అప్పుడు ఏ మూల తప్పు జరిగితే ఆ మూలే ఆరుతుంది, ఫ్యాక్టరీ అంతా ఆగిపోదు.

కాగితం ఏ కరెంటు దగ్గర మొదలవ్వాలి, ఎంత ఆలస్యం దగ్గర ఆగాలి అన్నది గీసేవాళ్ళ ఇష్టం. పాతది పెద్ద కరెంటు దగ్గర మొదలై, పైన కొద్ది సెకన్లకే ఆగిపోయింది. దాని లోపల ఏ తప్పూ లేదు నాన్నా. మొదటి కమ్యూనియన్ ఫొటోలో పిల్లల్లా గీతలన్నీ బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చాలాసేపు చూశాను.

తర్వాత మూలన తేదీ చూశాను. బ్యూనస్ ఏర్స్ నుంచి వచ్చిన ఇంజనీరు దాన్ని జనవరిలో వేశాడు. జనవరిలో మన ఫ్యాక్టరీ నిద్రపోతుంది కదా, కరెంటు బయటి లైను నుంచి వస్తుంది. ఆ లైనుకి బలం ఎక్కువ. ఎక్కడైనా తప్పు జరిగితే కరెంటు వరదలా మీద పడుతుంది, బ్రేకరు ఠక్కున తెంచుతుంది. సీజన్లో అలా కాదు. పిప్పి కాల్చి, మన ఆవిరితో మన టర్బైనే తిప్పుకుంటాం. దానికి అంత బలం ఉండదు. తప్పు జరిగినా వచ్చే కరెంటు తక్కువ. ఎంత తక్కువంటే, ఆ కాగితం మీద దానికి చోటే లేదు. ఎడమ అంచుకు అవతల ఎక్కడో ఉంటుంది.

అన్న పోయిన రోజు బయటి లైను కలిపి ఉందా, సొంత ఆవిరి మీదే నడిచిందా? గుర్తు తెచ్చుకుని రాయి. మేనేజరు గారి దగ్గర మాత్రం ఈ మాట ఎత్తకు.

జుల్మా

*

మూడో కాలనీ, మార్చి 15

జుల్మా తల్లీ,

సొంత ఆవిరే! సీజన్లో బయటి లైను ఎప్పుడు కలిపారు గనక! ఆ రోజు పొగగొట్టం నుంచి బూడిద రాలి మీ అమ్మ ఆరేసిన దుప్పట్లన్నీ నల్లబడ్డాయి. తిట్టుకుంటూ మళ్ళీ ఉతికింది. మర్నాడు వాటిలోనే ఒకటి వాడి మీద కప్పాం. ఎలా మర్చిపోతాను?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బేకరీలో కూడా చదివి వినిపించాను, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు, అందరూ "ఎంత బాగా రాసిందో" అన్నారు. నాకు మాత్రం ఒక్క మాట తలలో దిగబడిపోయింది. నువ్వు చదువుకున్నదానివి, నవ్వుతావేమో. ఇక్కడ నలుగురూ ఏమంటారో నీకు తెలుసు కదా. గానుగ కింది నేలమాళిగలో ఆ నల్లకుక్క, ఫామిలియార్, గొలుసు ఈడ్చుకుంటూ తిరుగుతుందని, చెరకు బాగా ఆడాలంటే యజమాని దానికి ఏటా ఒక మనిషిని ఇవ్వాలని. మా నాన్న చెప్పేవాడు, ఆయనకి వాళ్ళ నాన్న. అది ఎప్పుడు తింటుంది? సీజన్లో. సెలవు నెలల్లో ఎవరైనా పోయారని విన్నావా? నేను వినలేదు. ఇప్పుడు నువ్వూ అదే అంటున్నావు, సీజన్లోనే, సొంత ఆవిరి మీదే అని.

నీకు చెప్పలేదు గానీ, చెరకు ఆడినన్నాళ్ళూ శనివారం శనివారం ప్యానల్ రూము వెనక గోడ దగ్గర ఆవు ఊపిరితిత్తి ముక్క ఒకటి పెట్టి వస్తుంటాను. ఇప్పుడు ఆ గదిలో డ్యూటీ అన్సెల్మోది. పొద్దున్నకి ఆ ముక్క ఉండదు. "వీధికుక్కలు బలిసిపోతున్నాయి మావయ్యా, వాటికి ఓటు హక్కు కూడా ఇప్పించు" అంటాడు వాడు. అనడానికి అంటాడు. లోపలికి వెళ్ళేముందు బెల్టుకున్న తాళాల గుత్తి కావాలని గలగలలాడిస్తాడు, నేను చూశాను. గొలుసు చప్పుడనుకుని, తన జాతివాడే వస్తున్నాడనుకుని అది పోనిస్తుందట. నాతో నవ్వుతూనే చెప్పాడు. చేతులు మాత్రం నవ్వడం లేదు.

పోనీలే. మాకు మిగిలిన ఊరట ఒకటే. వాడు క్షణంలో పోయాడని మేనేజరు గారు చెప్పారు. మీ అమ్మ రోజూ ప్రార్థనలో అంటుంది, "బాధ తెలియనివ్వకుండా క్షణంలో తీసుకెళ్ళావు, ప్రభూ" అని. నేను ఆమెన్ అంటాను.

నువ్వు బాగా తిను. ఆ ఊళ్ళో సూపు నీళ్ళలా ఉంటుందని విన్నాను.

నాన్న

*

కోర్దోబా, ఏప్రిల్ 4

నాన్నా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువు.

రెండు కాగితాలు గీశాను. ఒకటి పాత కొలతల్లోనే. మా ఆఫీసు పెద్దాయన అదే కావాలంటున్నాడు. "పాతదాని పక్కన పెట్టి చూసుకోవడానికి వీలుగా ఉంటుంది జుల్మా, వాళ్ళు అడిగిందీ అంతే" అంటాడు. అది పంపితే అందరూ సంతకాలు పెడతారు. ఏమీ మారదు. మేలో బావ మళ్ళీ అదే గదిలో, అదే బ్రేకరు ముందు నిలబడతాడు.

రెండోది ఎడమకి జరిపి గీశాను. మన టర్బైను ఎంత ఇవ్వగలదో అక్కడి దాకా. అన్నని తాకిన కరెంటు అక్కడ దొరికింది. బ్రేకరు తెంచాలి, తెంచలేదు. అన్న చేసిన తప్పంటూ ఏమీ లేదు. గీత చదవడం వచ్చినవాళ్ళు ఎవరైనా కాదనలేరు.

కానీ ఎడమకి జరిపితే సరిపోదు నాన్నా, పైకి కూడా పెంచాలి. అక్కడ గీత చాలా ఎత్తుకి లేస్తుంది. నిలువుగా ఉండేది ఏమిటో నీకు మొదటి ఉత్తరంలోనే రాశాను. రాయకుండా ఉండాల్సిందేమో. అన్న పేరు నిలబెట్టే కాగితమే ఇంకో సంగతి కూడా చెబుతుంది. అమ్మ ప్రార్థన గుర్తొచ్చి నా చెయ్యి ఆడటం లేదు.

రెండో కాగితం టేబులు సొరుగులో పెట్టాను. ఆఫీసులో అందరూ ఉన్న వేళలో కూడా ఆ సొరుగు వైపు కూర్చోలేకపోతున్నాను. నువ్వు వద్దంటే అక్కడే ఉంటుంది. అమ్మ కాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

జుల్మా

*

మూడో కాలనీ, ఈస్టరు సోమవారం

నా తల్లీ,

చెరకు చేను గట్టు మీద కూర్చుని ఒక్కణ్ణే చదివాను.

నేను చదివింది మూడో తరగతి. కానీ ఎత్తు అంటే ఆలస్యం అని నువ్వే నేర్పావు. క్షణంలో పోలేదు. నువ్వు రాయలేకపోతున్నది అదే కదా?

నాకు తెలుసమ్మా.

కాలనీకి కరెంటు ఇచ్చేది ఫ్యాక్టరీయే కదా. ఆ సాయంత్రం భోజనాలకి కూర్చున్నాం. బల్బు మసకబారింది. ఆరలేదు. నారింజ రంగులోకి దిగి, ఊపిరాడనట్టు కొట్టుకుంటోంది. మీ అమ్మ సూపు వడ్డిస్తోంది. నాకు పోసింది. ఉర్సులాకి పోసింది. తనకి పోసుకుంది. వాడు వచ్చే వేళయిందని నికనోర్ కంచంలో కూడా పోసి పైన మూత పెట్టింది. బల్బు ఇంకా అలాగే ఉంది. "ఏంటిది అన్నయ్యా, దెయ్యం పట్టినట్టు" అంది ఉర్సులా. నేను రొట్టె తుంచి ముగ్గురికీ పంచాను. అప్పుడు ఆరింది. ఆ చీకట్లో సైరను మోగింది.

అంతసేపు, జుల్మా.

మేనేజరు గారు "క్షణంలో" అన్నప్పుడు నేను తలూపాను. మీ అమ్మా ఊపింది. సూపు వడ్డించిన చెయ్యి ఆమెదే, ఆమెకి తెలియదా? ప్రార్థనలో ఆమె "క్షణంలో" అనేది నా కోసం. నేను ఆమెన్ అనేది ఆమె కోసం. మూడేళ్ళకు పైగా ఇద్దరం ఒకరికొకరం అలా వడ్డించుకుంటున్నాం. ఈ రోజుకీ బల్బు కాస్త వణికితే చాలు, ఇద్దరం చెంచాలు కింద పెట్టేస్తాం. ఎందుకని ఒకరినొకరం అడగం.

అందుకని, మా కోసం భయపడి ఆ కాగితాన్ని పొట్టిగా కత్తిరించకు. ఎంత ఎడమకి వెళ్ళాలో అంత వెళ్ళు. ఎంత ఎత్తు కావాలో అంత గియ్యి. ఒకటి చాలకపోతే రెండు అతికించు, జిగురు మీ అమ్మ కాచి ఇస్తుంది. వాడు నిలబడిన చోటు కాగితం లోపల ఉండాలి. ఎందుకంటే వచ్చే నెల అన్సెల్మో నిలబడేది అక్కడే.

ఎంతసేపో ఆ అంకె మాత్రం నాకు రాయకు. నాకు నా సూపు కొలత ఉంది.

నాన్న

*

కోర్దోబా, జూన్ 6

నాన్నా,

ఇంటి నుంచి తిరిగి క్షేమంగా చేరాను. మీ ఎదురుగా చెప్పలేనివి కొన్ని ఇప్పుడు రాస్తున్నాను.

ఫ్యాక్టరీ మీటింగులో ఏం జరిగిందని నువ్వు అడిగినప్పుడు "బాగానే జరిగింది" అన్నాను. అసలు సంగతి ఇది. పెద్ద కాగితం బల్ల మీద పరిచాను. మేనేజరు గారు ఎడమ భాగం మీద చెయ్యి పెట్టి, "ఇక్కడ ఇంత ఖాళీ ఎందుకు వదిలావమ్మా?" అన్నారు. "అది ఖాళీ కాదండి, అది సీజను" అన్నాను. తర్వాత ఆయన, "బ్రేకరు అంత తొందరగా తెంచితే గానుగ మోటారు మొదలుపెట్టిన ప్రతిసారీ పడిపోదూ? చెరకంతా లారీల్లో ఎండిపోతుంది" అన్నారు. మంచి ప్రశ్నే. మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటు గీత కూడా అక్కడే గీసి చూపించాను. రెంటి మధ్య చోటు ఉంది. ఇన్నేళ్ళూ ఉంది. పాత కాగితం అక్కడి దాకా రాలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. సరేనన్నారు. చెరకు ఆడే నెలలకి ఒక సెట్టింగు, మిగతా నెలలకి ఒకటి. ఆ మీట బావే తిప్పాడు. తిప్పుతూ, "సైకిల్లా దీన్నీ గోడకి గుద్దించావో, తప్పు నీదే" అన్నాడు.

కానీ అన్న రిపోర్టు మార్చడానికి ఒప్పుకోలేదు. "గీత చూసి పాత సంగతి తిరగరాయలేను. కాగితం మీద ఏదైనా గీయొచ్చు, కుక్కని కూడా గీయొచ్చు" అన్నారు. అందుకే సీజను మొదటి రోజు మళ్ళీ పేరు చదవలేదు. నువ్వూ అమ్మా నా రెండు పక్కలా నిలబడి, నాకు ధైర్యం చెబుతున్నట్టు నా చేతులు పట్టుకున్నారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కాగితం మీద అన్నని తాకిన కరెంటు దగ్గర పెన్సిలుతో చిన్న ఇంటూ గుర్తు పెట్టాను. పక్కన ఏమీ రాయలేదు. అది ఏమిటని మా పెద్దాయన అడిగాడు. "మా అన్నయ్య" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు.

ఇంకొకటి, ఎవరికీ చెప్పకు, నేను ఇంజనీరుని. వచ్చే ముందు ఒక్కదాన్నే ప్యానల్ రూముకి వెళ్ళాను. లోపల ఆ హోరు తెలుసుగా. అది నాకు గొంతులా వినిపించింది. వెనక గోడ దగ్గర నువ్వు పెట్టిన ముక్క ఉంది. నా రొట్టెలో ఉన్న మాంసం తీసి దాని పక్కన పెట్టి వచ్చాను.

జుల్మా

*

మూడో కాలనీ, జులై 13

జుల్మా! జుల్మా! అన్సెల్మో బతికే ఉన్నాడు! బతికి, నా ఎదురుగా కూర్చుని, సిగ్గులేకుండా నాకోసం ఉంచిన ఎంపనాదాలు తింటున్నాడు!

గురువారం సాయంత్రం. అదే గది, అదే బోర్డు, సొంత ఆవిరి మీద. కేబుల్ పెట్టెలో పిప్పి ధూళి పేరుకుందట, నిప్పు లేచింది, వాడి మొహం ముందే. వాడు అరవడానికి నోరు తెరిచాడట, అరుపు వచ్చేలోపే బ్రేకరు ఠప్‌మని పడిపోయింది! ఒక కనుబొమ్మ కాలింది. అంతే! మిగతా మనిషంతా ఉన్నాడు! "ఆ కనుబొమ్మ ఇంజనీరు గారి బాకీ, సైకిలు బాకీ మాత్రం చెల్లిపోయింది" అని రాయమంటున్నాడు వెధవ. రాస్తూ చూస్తే వాడి కప్పు సాసరు మీద టకటకలాడుతోంది. నేను చూడనట్టు ఊరుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో ఏం జరిగిందో విను. భోజనాలకి కూర్చున్నాం. మీ అమ్మ గరిటె ఎత్తింది. బల్బు మసకబారలేదమ్మా. ఆరిపోయింది. ఒక్కసారిగా, మొత్తంగా. కాలనీ అంతా చీకటి. పక్కింటివాళ్ళు కంపెనీని తిడుతున్నారు. ఆ చీకట్లో మీ అమ్మ "ఆరింది! ఆరిపోయింది ఎలుతేరియో!" అని కేక పెట్టి నా భుజం మీద పడి నవ్వింది. ఏడ్చింది కూడానేమో, కనిపించలేదు. చీకటి పడినందుకు నవ్విన ఇల్లు కాలనీలో మాదొక్కటే. గరిటెలో సూపంతా నా ఒళ్ళో పడింది, కాలింది, అయినా నవ్వాను.

శుక్రవారం మేనేజరు గారు నీ కాగితం గోడకి పెట్టించి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడట. గురువారం నాటి కరెంటు నువ్వు పెన్సిలు గుర్తు పెట్టిన చోటికి ఆనుకుని పడిందని అన్సెల్మో చెప్పాడు. శనివారం మేనేజరు గారు మా ఇంటికి వచ్చాడు. టోపీ తీశాడు. "దోన్ ఎలుతేరియో, ఆ రిపోర్టు చింపేశాను. కొత్తది రాశాం. మీవాడిది తప్పు లేదు" అన్నాడు. కూర్చోమన్నాను. కూర్చోలేకపోయాడు.

నిన్న ఆదివారం పూజలో ఫాదర్ గారు చదివారు: నికనోర్ బార్రియోనువేవో. మైకు కీచుమంది. మీ అమ్మ లేచి, అందరిలో, "సరిగా వినపడలేదు ఫాదర్, ఇంకోసారి" అంది. వినపడింది ఆమెకి. ఆయన ఇంకోసారి చదివారు.

ఈ శనివారం గోడ దగ్గర నేనేమీ పెట్టలేదు. పొద్దున వెళ్ళి చూస్తే అక్కడి మట్టి నొక్కుకుని ఉంది, ఏదో చాలాసేపు కూర్చుని, చూసి, చూసి, లేచి వెళ్ళినట్టు. వీధికుక్క అంటాడు అన్సెల్మో. సరే అన్నాను. వాడు తాళాలు మాత్రం ఇంకా గలగలలాడిస్తూనే ఉన్నాడు.

ఇక అందరికీ తెలియాలి. నాకు చెయ్యి నొప్పెడుతోంది, మిగతావాళ్ళకి నువ్వు రాయి:

హుహూయ్‌లో మీ ఫ్లోరెన్సియో బాబాయికి. చెరకు నరికే గుంపుతో తిరుగుతుంటాడు, చర్చి అడ్రసుకి రాయి.

మీ అమ్మ చెల్లెలు బాసిలియాకి. అక్షరాలు పెద్దగా రాయి, కళ్ళజోడు పగలగొట్టుకుంది.

సాల్తాలో మీ పెదనాన్న కొడుకు ఎవెలియోకి. శవం ఇంట్లో ఉండగా "కాస్త చూసుకుని పనిచేయాల్సింది" అన్నది వాడే. వాడికి మర్యాదగానే రాయి. కానీ ముందు వాడికే రాయి.

నికనోర్‌ని బాప్తిస్మం నాడు ఎత్తుకున్న జ్ఞానతండ్రి ఉన్నాడు కదా, ఆయన తల్లి ఎర్మినియాకి.

ఉర్సులా అత్తకి. ఆమె ఇక్కడే ఉంది, అన్నీ తెలుసు, అయినా తన పేరున ఉత్తరం రాకపోతే అలుగుతుంది.

ఆ బ్యూనస్ ఏర్స్ ఇంజనీరుకి. మన బంధువు కాడు. అయినా రాయి. ఇంకా ఏ ఏ ఊళ్ళలో జనవరిలో కాగితాలు గీశాడో అడుగు.

నికనోర్‌కి నువ్వు రాయక్కర్లేదు. నిన్నటి నుంచి మీ అమ్మ వాడికే చెబుతోంది, కంచంలో సూపు పోస్తూ.